కాకుల తాడు, నరాల బిళ్ళలు

నేను చావాలని బిళ్ళలు మింగలేదు. ముందు ఆ సంగతి బుర్రకెక్కించుకొని తర్వాత కింద చదవండి. ఎక్కించుకోవడం ఇష్టం లేనివాళ్ళు ఇక్కడే ఆపేయొచ్చు, నాకేం నష్టం లేదు.

మా పాలెంలో ఇప్పటికీ కొంతమంది నేను కనిపిస్తే గొంతు తగ్గిస్తారు. "పాపం, లోపల ఎంత కుమిలిపోయిందో ముసల్ది" అంటారు. నేనేమీ కుమిలిపోలేదు. కుమిలిపోవాలంటే ఒకచోట కూర్చోవాలి. కూర్చుంటే ఎండలో నెత్తళ్ళ చేపల్ని ఎవరు తిరగేస్తారు?

నా పేరు సంతోషమ్మ. ఆ పేరు ఎందుకు పెట్టినారో అడుగుదామంటే పెట్టినవాళ్ళు లేరు. బిట్రగుంటలో రైలు దిగి తూర్పుకి వస్తే, రొయ్యల గుంటలన్నీ దాటినాక సముద్రం ఒడ్డున మా పాలెం. చదివింది నాలుగో తరగతి, అదీ పూర్తిగా కాదు. జబ్బు తగ్గినాక మా చర్చి పాస్టరమ్మగారు "నీ అనుభవం రాయి సంతోషమ్మా, పదిమందికి ఓదార్పుగా ఉంటది" అనింది. ఓదార్పు సంగతి నాకు తెలీదు. నేను రాసేది తిట్టడానికి. ఇంట్లో మిగిలిపోయిన బిళ్ళల డబ్బాలు దాచుకొని ఉండారే, వాళ్ళని.

మాది ఎండుచేపల వ్యాపారం. ఒడ్డున ఇసక మీద వలలు పరిచి చేపలు ఎండబెట్టి, కావలికీ గూడూరికీ పంపిస్తాం. మా ఆయన పోయినాక ఆ పని ఆగకుండా నడిపించింది నేనే. మా పనిలో ఒక పద్ధతి ఉంది. కొత్త సరుకు ఎంత బాగున్నా పాత సరుకు అయ్యేదాకా దాన్ని ముట్టుకోకూడదు. ఇంకోటి, వానలు దిగేలోగా పాతదంతా ఊడ్చిపెట్టుకొని పోవాలి, ఎట్టోకట్ట అమ్మేయాలి. వాన తేమ తగిలితే పురుగే. నా కాపురమంతా ఈ పద్ధతి మీదే నడిచింది. నా ప్రాణం పోబోయింది కూడా దీని మీదే.

నాకు షుగరుంది. దాంతో అరికాళ్ళు మంటలు, నిప్పుల మీద నిలబెట్టినట్టు. కావలి డాక్టరు నరాలకని ఒక చిన్న బిళ్ళ రాసినాడు, పడుకోబోయే ముందు వేసుకోమన్నాడు. పని చేసింది. మంట తగ్గింది, నిద్ర పట్టింది. అబద్ధం చెప్పను, మంచి బిళ్ళే.

మా చెల్లెలు దీవెనమ్మకి కూడా అదే బిళ్ళ. ఆమె తడ దగ్గర ఉండేది. మొగుడు వేటకి పోయి తిరిగి రాకపోయేసరికి మనిషి గోడకి ఆనుకొని కూర్చుండిపోయింది, తిండీ మాటా లేకుండా. నెల్లూరులో మనసు డాక్టరు ఈ బిళ్ళ ఇచ్చినాడు. మెల్లగా లేచింది. పొయ్యి ముట్టించింది. చర్చిలో అందరికంటే గట్టిగా పాడింది. చాలా ఏళ్ళు బతికింది. పోయిన ఎండాకాలం, బోట్లన్నీ ఒడ్డెక్కి వేట ఆపేసిన రోజుల్లో, కామెర్లు వచ్చి పోయింది.

సమాధి దగ్గరనుంచి ఇంటికొచ్చినాక ఆమె కోడళ్ళు చీరలు పంచుకున్నారు. నేను బిళ్ళల డబ్బా తెచ్చుకున్నాను.

ఆ డబ్బా నిండా షీట్లే. ఆమె పెద్దకొడుకు ఒకేసారి తెచ్చిపెట్టేవాడంట. షీటు వెనక ఇంగ్లీషు అక్షరాలు నా షీటు పక్కన పెట్టి ఒక్కొక్కటే సరిచూసుకున్నాను. అదే పేరు. కొన్ని బిళ్ళల రంగు వేరే. వేరే రంగంటే బలం వేరే అని నాకెవరు చెప్పినారు? మందుల అంగడివాడు ఒకసారి "వెనక డేటు చూసుకో అవ్వా, అది దాటితే వాడకూడదు" అన్నాడు. అంకెలు నాకు బాగా వచ్చు. చూసుకున్నాను. వానలు మొదలయ్యే నెలకల్లా ఆ డబ్బా మొత్తానికి డేటు అయిపోతుంది.

చూడండి ఇంక. ఎదురుగా పాత సరుకు. వానలకి అది చెడిపోతుంది. నేనేం చేస్తాను?

రాత్రికి నాది ఒకటి, తోడుగా చెల్లెలిది. కాళ్ళకి పనిచేసేది, మనసుకి పనిచేసేది, రెండూ ఒకటే అయితే రెండింతలు మంచిదే కదా అనుకున్నాను. డబ్బా తొందరగా తరగడం లేదని పొద్దున కాఫీతో కూడా మొదలుపెట్టినాను. ఎంత వేసుకున్నానో ఇక్కడ రాయను. మీలో నాలాంటి తెలివిగల వాళ్ళు ఉంటారు.

ఖాళీ షీట్లు కూడా నేను పారేసే రకం కాదు. వెండిలాగా మెరుస్తాయి, గాలికి చప్పుడు చేస్తాయి. ఎండబెట్టిన చేపల మీద కాకులు వాలకుండా కర్రకీ కర్రకీ తాడు కట్టి, దానికి ఈ షీట్లన్నీ గుచ్చి వేలాడదీసినాను. కాకులు బెదిరినాయి. దారినపోయేవాళ్ళు "అవ్వ తోరణం కట్టిందే" అని నవ్వినారు. నేను మింగినవన్నీ అట్ట నా నెత్తిమీదే వేలాడతా ఉంటే, ఆ కింద కూర్చొని చేపలు ఏరుకున్నాను.

వినాయక చవితి పందిళ్ళు పక్క ఊళ్ళో లేస్తున్న రోజుల్లో నా ఒళ్ళు మారడం మొదలైంది. నోరు ఎండిపోయేది. ఎంత నీళ్ళు తాగినా నాలుక ఎండు సావడ చేపలాగా అంగిట్లో అతుక్కునేది. కళ్ళు మసకలు. ఒంటికి పోదామని కూర్చుంటే రాదు, వచ్చినట్టే ఉంటది, రాదు. నిలబడితే తల తిరుగుడు. అన్నిటికంటే ఈ గుండె. ఊరికే కూర్చున్నా ఎవరో తరుముకొస్తున్నట్టు దడదడమనేది. ఎండ అనుకున్నాను. షుగరు అనుకున్నాను. మా కోడలి వంట అనుకున్నాను.

కోడలి గురించి చెప్పాలి. పేరు సువార్త. మా అబ్బాయి దానియేలు బోటు ఇంజన్లు రిపేరు చేస్తాడు. కావలిలో పనికి పోయి ఆ పిల్లని తనే చూసుకొని చేసుకున్నాడు. మా పెద్దమ్మాయి ఎస్తేరు గూడూరులో ఉంది, మొగుడికి నిమ్మకాయల మండీ. తన ఆడబిడ్డని దానియేలుకి ఇప్పించాలని అది ఎంతో తిరిగింది. కుదరలేదు. అప్పటినుంచి సువార్త అంటే దానికి మంట. నాకూ ఆ పిల్ల నచ్చదు, అయితే నా కారణాలు వేరు. ఉప్పు ఎక్కువేస్తది. సబ్బు సగంలో పారేస్తది. మాటకి మాట తిరగబడతది.

నా కళ్ళ సంగతి ముందు పట్టుకున్నది ఆమే.

"అత్తా, నీ కంటి పాపలు ఇంతింత అయిపోయుండాయి. చూస్తే భయమేస్తుంది. ఆసుపత్రికి పోదాం పద."

"నీ పులుసు తిన్నవాళ్ళ కళ్ళు ఎవరివైనా అట్టే ఉంటాయి. పో, పని చూసుకో."

"ఏందైనా కొత్త మందులు వాడుతుండావా?"

"పాత మందులే వాడుతుండా."

అబద్ధం కాదు కదా అది.

ఆ శుక్రవారం పొద్దున నెత్తళ్ళు తిరగేస్తుండాను. గుండె దడదడలాడి, ఉన్నట్టుండి ఆ దడ కూడా తప్పింది. ఒకటి కొట్టడం, ఆగడం, రెండు గబగబా కొట్టడం, మళ్ళీ ఆగడం. ఆగినప్పుడల్లా కడుపులోంచి ఏదో జారిపోయినట్టు. తల ఎత్తి చూస్తే తాడు కింద మా దీవెనమ్మ కూర్చొని చేపలు ఏరుతుంది. "పెద్దయి ఒకపక్క, చిన్నయి ఒకపక్క వెయ్యి, కలపొద్దు" అని ఆమెకి చెప్పినాను. అది చెప్పినట్టు నాకు గుర్తే. తర్వాత మొహాన ఇసక.

ఆ తర్వాతది నాకు దానియేలు చెప్పినాడు, నేను గట్టిగా అడిగితే. వాడు అడిగితేగానీ చెప్పడు.

నేను పడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నానంట. ఫిట్సు. సువార్త అరిచి జనాన్ని పిలిచి, ఆటో వచ్చేలోపల నా గదిలోకి పరిగెత్తింది, నేనేం మందులు వాడతానో చూద్దామని. డబ్బాలో అడుగున నాలుగు బిళ్ళలు మిగిలుండాయి. అవి చేతిలో పట్టుకొని బయటికి వచ్చి, తల పైకెత్తి చూసిందంట. తాడు. చేపల కత్తితో తాడు కోసి మొత్తం చుట్టచుట్టి సంచిలో వేసుకొని ఆటో ఎక్కింది. కావలిలో చూసి, మావల్ల కాదు నెల్లూరు తీసకపోండి అన్నారు.

నెల్లూరు ఆసుపత్రిలో కళ్ళద్దాల డాక్టరమ్మ "ఏం మందులు వాడుతుంది?" అని అడిగితే సువార్త ఆ తాడు తీసి ఆమె బల్ల మీద పోసింది. చేపల కంపు. డాక్టరమ్మ ముందు ముక్కు మూసుకుందంట. తర్వాత ఒక షీటు తిప్పి వెనక చదివింది. ఇంకోటి చదివింది. "ఇవన్నీ ఈమే వేసుకుందా?" అని, జవాబు కోసం ఆగకుండా లోపలికి పరిగెత్తింది.

ఆ బిళ్ళ పేరు ఆమిట్రిప్టిలిన్. నాకు నోరు తిరిగేసరికి నా గుండె సర్దుకుంది. డాక్టరమ్మ మా వాడికి చెప్పిన మాటలు రాస్తాను, నాకు అర్థమైనంత వరకు. ఇది పాతకాలం నుంచి ఉన్న మందు. సరిగ్గా వేసుకుంటే నరాలకీ మనసుకీ మేలు. ఎక్కువైతే గుండెలో నడిచే కరెంటుకి అడ్డం పడుతుంది. ముసలి ఒంట్లోంచి తొందరగా బయటికి పోదు, రోజురోజుకీ పేరుకుపోతుంది. గుండె గీతల కాయితంలో సన్నగా ఉండాల్సిన గీతలు వెడల్పైపోయినాయి. ఇంకా వెడల్పైతే గుండె ఆగిపోవచ్చు.

"అంటే ఇంజను టైమింగు పోయి మిస్సింగు కొట్టినట్టా మేడం?" అన్నాడంట మా వాడు.

"అట్టే అనుకో."

"మరి టైమింగు సెట్ చేస్తే?"

"అదే చేస్తుండాం, నువ్వు కొంచెం పక్కకి జరిగితే."

నరంలోకి సోడా ఉప్పు లాంటి మందు ఎక్కించినారు. గుండెకి పట్టిన విషాన్ని అది వదలగొడుతుందంట. పుట్టినప్పటినుంచి చేపలకి ఉప్పు పట్టిస్తుండా. ఇన్నాళ్ళకి నాకు ఎవరో పట్టించినారు.

తెలివి వచ్చేసరికి గొంతులో గొట్టం. ఊపిరి నాది కాదు, మిషనుది. పీక్కుంటానని చేతులు మంచానికి కట్టేసినారు. ఛాతీ మీద బిళ్ళలు అంటించి తీగలు పెట్టుండారు, పక్కన పెట్టె ఒకటి టిక్కు టిక్కుమంటా. ఆ చప్పుడు నా గుండెదే అని అర్థమయ్యాక ఇంక వేరే చప్పుడు వినబడదు. అది రవ్వంత తడబడితే చాలు, నర్సు లేచి వచ్చేది. ఆమె లేచిందంటే నాకు భయం. జీవితంలో తుఫాన్లు చూసినా, మొగుడి శవం చూసినా, ఒక పెట్టె చప్పుడుకి అట్ట భయపడతానని అనుకోలేదు. భయం వేస్తే కోపం వస్తది నాకు. పిల్లలప్పటినుంచీ అంతే. ఆ గదిలో అన్నిటి మీదా కోపం. చేతికి తొడుక్కున్న తొడుగుల్ని ఒక్కసారికే పారేస్తారు. అంటించిన బిళ్ళలు చర్మంతో సహా పీకి మళ్ళీ కొత్తవి అంటిస్తారు. అడగడానికి నోరు లేదు.

ఒక ఆయమ్మ మాత్రం దూది తడిపి పెదాలకి అద్దేది. అడగకుండానే. పేరు కూడా తెలుసుకోలేదు. ఆ తడి ఇప్పటికీ గుర్తుంది.

నేను కళ్ళు మూసుకొని ఉంటే నిద్రపోయినాననుకొని అందరూ నా నెత్తిమీదే మాట్లాడేవాళ్ళు. అట్ట తెలిసింది నాకు, బయట ఏం జరుగుతుందో.

ఇట్టాంటి కేసు వస్తే ఆసుపత్రివాళ్ళు పోలీసుకి చెప్పాలంట. కానిస్టేబులు వచ్చినాడు. గూడూరునుంచి ఎస్తేరు వచ్చుంది. నా మంచం కాళ్ళ దగ్గర నిలబడి ముక్కు చీదుతా అతనికి చెప్పింది:

"మా అమ్మకి ఏ లోటూ లేదు సార్, ఈ కోడలు తప్ప. రోజూ కయ్యమే. మాటలతో పొడిచి పొడిచి చంపింది. తట్టుకోలేక మింగింది మా అమ్మ."

"తాడుకి కట్టిన షీట్లు చానా ఉండాయంట కదమ్మా? అంటే కొన్ని రోజులుగా వాడినట్టు."

"ఆ తాడు ఈమె తెచ్చిందే కదా సార్! ఈమే గుచ్చుంటది. ఎవరు చూసినారు?"

పాలెమంతా చూసింది. కాకులు కూడా చూసినాయి. గొట్టం కొరికినాను. మిషను కూతపెట్టింది. నర్సు పరిగెత్తుకొచ్చి "అవ్వా, గమ్ముగా పడుకో" అని కసిరి ఏదో సూది వేసింది.

పోతా పోతా కానిస్టేబులు అన్న మాట మాత్రం విన్నాను. "పేషెంటు నోటితో ఏం చెప్తే అదే రాస్తాం. గొట్టం తీసినాక వస్తా."

అంటే అందరూ ఇంక నా నోటి కోసమే కాచుకొని ఉండారు. నేను ఊ అంటే సువార్త స్టేషనుకి పోతుంది. స్టేషనుకి పోయిన కోడలు మళ్ళీ మా గడప తొక్కదు, మా దానియేలు మొహం అదీ, దాని మొహం వాడూ మళ్ళీ చూడరు.

బయట వరండాలో బెంచీకి ఆ కొసన ఎస్తేరు, ఈ కొసన సువార్త. మధ్యలో మావాడు నేల చూస్తా. సువార్త అన్న కావలినుంచి వచ్చి "వాళ్ళు లోపలేసేలోగా ఇంటికి పద" అన్నాడంట.

"నేను పోతే తప్పు చేసినట్టే. మా అత్త నోరు తెరిచేదాకా ఈడే ఉంటా."

"తెరిచి నీ మీదే చెప్తే? నిన్ను తిట్టని రోజు ఉందా ఆమె?"

"తిట్టింది. మొహాన్నే తిట్టింది. వెనక చెప్పింది ఏదీ లేదు."

ఈ మాట నాకు చెప్పింది సువార్త కాదు. వాళ్ళ పక్కన కూర్చున్న గాజుల అంగడి ముస్లిం ఆమె. ఆమె మొగుడు నా పక్క మంచంలో ఉండేవాడు. సువార్తకి టీ తెచ్చి, పరుచుకోమని తన దుప్పటి సగం ఇచ్చిందంట. లోపలికి మొగుణ్ణి చూడ్డానికి వచ్చినప్పుడు నా దగ్గర వంగి, "అమ్మా, మీ కోడలు తినడం లేదు. మీరు తొందరగా లేవండి" అని కూడా చెప్పింది. నన్ను అడిగిందెవరు ఇవన్నీ అని ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఆమె మొగుడు బతికి ఇంటికి పోయినాడు. సంతోషం.

రోగుల్ని చూడనిచ్చే వేళలో ఎస్తేరు వచ్చి చెవిలో చెప్పింది. "అమా, వాళ్ళు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. నువ్వు పడిన బాధ చెప్పు. ఆ అమ్మి పోతే తమ్ముడికి మనం వేరే చూడొచ్చు. నిన్ను నేను మహారాణిలాగా చూసుకుంటా."

నేను దాని మొహం చూసినాను. కన్నబిడ్డ. నా ముక్కే, నా గడ్డమే. నా మంచం మీద కూర్చొని నా చావుతో పెళ్ళి కుదురుస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, లేకపోతే ఈ రాతంతా దండగ. ఊ అంటే సరిపోద్ది కదా అని నాకు అనిపించింది. అనిపించకేం? కోడలు పెట్టిన బాధలకి మింగిందంటే ఊరంతా జాలి పడుతుంది. నిజం చెబితే ఏమవుతుంది? పాత బిళ్ళలు పారేయడానికి చెయ్యిరాక, డేటు అయిపోతుందని గబగబా మింగి చావబోయిందని ఊరంతా నవ్వుతుంది. మా పాలెం నవ్వు మీకు తెలీదు. పెళ్ళిళ్ళలో చెప్పుకుంటారు. నేను పోయినాక శవపెట్టెలో పెట్టి మోస్తా కూడా చెప్పుకుంటారు. పక్కన గుండె పెట్టె టిక్కుటిక్కుమంటా ఉంటే కట్టేసిన చేతులతో ఇదే లెక్కేసుకుంటా పడుకున్నాను.

ఆదివారం గొట్టం తీసినారు. గొంతు గరగర. గుండె గీతలు సన్నబడినాయి, ఇంకా చూడాలి అన్నది డాక్టరమ్మ. ముందు ఒక కౌన్సిలింగ్ అమ్మాయిని పంపించినారు, మెత్తగా మాట్లాడేది.

"అమ్మమ్మా, బతుకు మీద విసుగనిపించిందా ఎప్పుడైనా?"

"నీకనిపించలేదా?"

ఆ పిల్ల బిత్తరపోయి, తర్వాత నవ్వింది. మంచి పిల్లే. "నాక్కూడా అనిపించుద్ది అమ్మమ్మా, అనిపిస్తే ఎవరికైనా చెప్తా. మీరూ చెప్పాలి" అంది. మా దీవెనమ్మకి ఆ రోజుల్లో ఇట్టాంటి పిల్ల ఒకతి దొరికుంటే బాగుండేది. ఇది చదివేవాళ్ళలో నిజంగానే అట్ట అనిపించేవాళ్ళు ఉంటే, గోడకి ఆనుకొని కూర్చోకండి. డాక్టరు దగ్గరికి పోండి, ఆయన ఇచ్చిన మందు ఆయన చెప్పినట్టే వేసుకోండి, నా కథ విని భయపడి ఆపేయకండి. నా తిట్లు మీకు కాదు.

కానిస్టేబులు సాయంత్రం వచ్చినాడు. అందరూ వచ్చి నిలబడినారు. ఎస్తేరు నా తల దగ్గర, దానియేలు కిటికీ దగ్గర. సువార్త లోపలికి రాలేదు, వాకిలి పట్టుకొని నిలబడింది. జుట్టు దువ్వుకోలేదు, పడిపోయిన రోజు కట్టుకున్న చీరే, కొంగుకి చేపల పొలుసులు. నా వైపు చూడలేదు. పెట్టె టిక్కుటిక్కు గబగబా కొట్టడం మొదలుపెట్టింది. నర్సు లేచింది.

"కూర్చో" అన్నాను నర్సుతో. కూర్చుంది.

"అమ్మా, బిళ్ళలు ఎందుకు మింగినావు?" కానిస్టేబులు అడిగినాడు.

"అయిపోతాయని."

"ఏం అయిపోతాయని?"

"డేటు. మా చెల్లెలి బిళ్ళలు. వానలకి డేటు దాటిపోతాయి. పారేయడానికి మనసు రాలేదు. పాత సరుకు ముందు అవగొడితే కొత్త షీటు మిగులుద్దని."

అతను పెన్ను ఆపినాడు. "అంటే... మిగలబెడదామని మింగినావా?"

"పిసినారితనంతో మింగినాను. రాసుకో."

"అట్ట రాయకూడదమ్మా."

"ఎందుకు రాయకూడదు? నిజం కాదా? మా పాలెంలో ఎవరినైనా అడుగు, సంతోషమ్మ పిసినారా కాదా అని."

దానియేలు కిటికీ వైపు తిరిగినాడు. భుజాలు ఊగుతుండాయి. ఏడుస్తుండాడో నవ్వుతుండాడో తెలీలేదు.

ఎస్తేరు నా చెయ్యి పట్టుకునింది. "అమా, నీకు తెలివి లేదు ఇంకా. సార్, మత్తులో ఉంది..."

"నాకు తెలివి ఉంది. నీకే లేదు. కోడలు నా మాట వినదు, ఉప్పు ఎక్కువేస్తది, సబ్బు పారేస్తది, అదంతా కావాలంటే రాసుకో సార్. బిళ్ళలు మాత్రం ఆమె ఇచ్చింది కాదు, మింగమన్నదీ కాదు. ఆసుపత్రికి పోదాం రమ్మంటే నేనే పోలేదు. తాడు నేను కట్టింది. వేలిముద్ర వద్దు, నాకు సంతకం వచ్చు."

వంకరగా పెట్టినాను. డాక్టరమ్మ వచ్చి, ఒక్కసారిగా మింగింది కాదనీ రోజూ కొంచెం కొంచెం పేరుకున్నదేననీ తనూ చెప్పింది. కానిస్టేబులు కాయితం మడిచి జేబులో పెట్టుకొని, "మా అవ్వ కూడా ఇంతే, పాత మందులు పారేయదు. ఇంటికి పోయి చూడాలి" అని వెళ్ళిపోయినాడు.

ఎస్తేరు ఆ రాత్రి బండికే గూడూరు పోయింది. ఇంతవరకూ ఫోను చేయలేదు. చేస్తే ఎత్తుతాను. ముందు నేనే తిడతాను, తర్వాత మాట్లాడతాను.

సువార్త నా దగ్గరికి వచ్చి నిలబడింది. ఏదో అంటదనుకున్నాను. కొంగుతో నా నోటి పక్క కారిన నీళ్ళు తుడిచింది. కొంగు కంపు కొట్టింది. ఆ మాటే చెప్పినాను. "నీ చేపల కంపే అత్తా" అనింది.

ఇంటికొచ్చేసరికి వానలు దిగినాయి. కొన్ని వారాలు గుండె గీతలు తీయించుకోవడానికి నెల్లూరు తిరిగినాం. ఇప్పుడు గీతలు సన్నగా ఉండాయంట, మంటలకి వేరే మందు ఇచ్చినారు. ఇంటికొచ్చిన రోజు నా గది చూస్తే డబ్బాలు లేవు. తలనొప్పి బిళ్ళలు, దగ్గు మందు, మా ఆయన బీపీ బిళ్ళలు, అన్నీ పోయినాయి.

"డేటు ఇంకా ఉన్నవి కూడా పారేసినావే?"

"పారేసినా. మందులంగడాయనకి ఇచ్చేసినా, నాశనం చేసేయమని. పోయి ఏరుకుంటావా?"



క్రిస్మస్ నెల మొదటి ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. మాలో జబ్బునుంచి లేచినవాళ్ళు అందరి ముందూ నిలబడి, దేవుడు తమని ఎట్ట కాపాడినాడో చెప్పడం ఆనవాయితీ. పాస్టరమ్మగారు నా చెయ్యి నిమురుతా "నిరాశలోంచి ప్రభువు నిన్ను ఎట్ట లేపినాడో చెప్పు సంతోషమ్మా, సిగ్గుపడొద్దు" అని మైకు చేతికిచ్చింది. నిరాశంట. చర్చి నిండా జనం, తలలు పక్కకి వాల్చి, జాలిగా.

కానిస్టేబులుకి చెప్పిందే చెప్పినాను, ఇంకా గట్టిగా. డబ్బా, డేటు, తాడు, అన్నీ. తర్వాత ఆడవాళ్ళ వైపు వెనక వరసలో ఎవరో పుసుక్కున నవ్వినారు. ఆ నవ్వు వరసవరసా ముందుకొచ్చింది. పాస్టరుగారు కూడా రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వనీ అని నిలబడినాను. "నవ్వడం అయిపోయినాక ఇళ్ళకి పోయి మీ డబ్బాలు చూసుకోండి" అని మైకు ఇచ్చేసినాను. ఆ సాయంత్రం మందులంగడి ముందు మా పాలెం ఆడవాళ్ళు సంచులతో నిలబడినారని విన్నాను. అంగడాయన నన్ను తిట్టుకున్నాడంట. తిట్టుకోనీ.

దోవలో సువార్త అంది, "అంత మందిలో పిసినారినని చెప్పుకోవడం దేనికత్తా? అందరికీ తెలిసిందే కదా."

"అందరికీ తెలిసిన నిజమే కొత్తగా చెప్పాలి. లేకపోతే నీ మీద పడేది."

ఆమె కొంచెం దూరం పోయినాక నా చేతిలో బైబిలు సంచి లాక్కొని తను మోసింది. నేను ఇవ్వలేదు, లాక్కుంది.

కాకుల తాడుకి ఇప్పుడు చిప్స్ కవర్లు కట్టింది. అవి బిళ్ళల షీట్లంత మెరవవు. కాకులు బెదరడం లేదు, రోజుకి కొన్ని నెత్తళ్ళు పోతుండాయి. చెప్తే వినదు.

నా బిళ్ళలు ఆమె దగ్గరే ఉంటాయి, ఎక్కడ పెడుతుందో నాకు తెలీదు. పొద్దున చేపల దగ్గరికి పోయే ముందు ఒకటి నా అరచేతిలో పెట్టి, చెంబుతో నీళ్ళిచ్చి నిలబడతది. నేను దాచుకుంటానని అనుమానం.

"నోరు తెరువత్తా."

తెరుస్తాను. నా గడ్డం పట్టుకొని వెలుతురుకి తిప్పి, రేవులో చేప కొనేముందు మొప్ప ఎత్తి చూస్తామే, అట్ట నాలుక కింద చూస్తది. తాజాగా ఉందో లేదోనని.

"ఊ. బాగుంది. పో."

పోతాను.